మంచు జోస్యమూ నా నోరూ

నేనుండేది కాపెల్‌లో. డాలస్ పక్కన, చపాతీ పీటలా చదునుగా ఉండే ఊరు. ఇక్కడ ఎత్తైన ప్రదేశం అంటే హైవే మీది ఫ్లైఓవర్. మంచు అంటే ఏ రెండేళ్ళకో పావంగుళం పడి, స్కూళ్ళు మూయించి, షాపుల్లో పాలూ బ్రెడ్డూ ఖాళీ చేయించి, మధ్యాహ్నానికల్లా కరిగిపోయేది. అలాంటి ఊళ్ళో కూర్చుని, అక్టోబరు వచ్చిందంటే చాలు, పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని, ఎక్కడో కొలరాడో కొండల మీద ఎన్ని అంగుళాల మంచు పడబోతోందో చదువుతాను. నాకు స్కీయింగ్ రాదు. రాదు అంటే ఏదో కొద్దిగా వచ్చునని వినయంగా చెప్పుకోవడం కాదు. నిజంగానే రాదు.

ఒకే ఒక్కసారి ప్రయత్నించాను. నెత్తిన మంకీ క్యాప్, చేతులకి ఉన్ని గ్లవ్స్, కాళ్ళకి ఖైదీ సంకెళ్ళంత బరువైన బూట్లు. చిన్నపిల్లలు నేర్చుకునే ఏటవాలు మీద నన్ను నిలబెట్టి, నేర్పే అమ్మాయి "పిజ్జా, పిజ్జా" అని అరిచింది. స్కీల ముందు కొసలు దగ్గరికి చేర్చి పిజ్జా ముక్క ఆకారంలో పెడితే మనిషి ఆగుతాడట. నేను ఆగలేదు. నాలుగేళ్ళ పిల్లలు నాకు రెండు పక్కలా దూసుకుపోయారు, మనవాళ్ళ పిల్లలు "సారీ ఆంటీ" అంటూ, మిగతావాళ్ళు ఏమీ అనకుండా. చివరికి నారింజ రంగు వల ఒకటి నన్ను ఆపింది. ఉన్ని గ్లవ్స్ తడిసి, వేళ్ళు కొయ్యబారి, గంటసేపు కాఫీ కప్పు కూడా పట్టుకోలేకపోయాను. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కిందట అని ఎవరూ అనలేదు. నేనే అన్నాను. ఎవరైనా అనేలోపు నేనే అనేయడం నా పద్ధతి.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ లెక్కన నేను ఏటా ఊరు మారుతుండాలి. ఇరవై రెండేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా పనిచేస్తున్నాను. ఇతరుల పనిలో తప్పులు పట్టుకున్నందుకు ఆఫీసులో జీతమిస్తారు. ఇంట్లో అదే పని ఉచితంగా చేస్తాను. మా ఆయన అలవాటు పడిపోయారు. మా అమ్మాయి అలవాటు పడలేదు.

ఈ మంచు చదువంతా ఆ అమ్మాయి వల్లే.

మా అమ్మాయి పుట్టింది ఇక్కడే. కంప్యూటర్ సైన్సులో చేరింది. అంతవరకూ అందరి పిల్లల్లాగే. రెండో ఏడాదిలో ఫోన్ చేసి, వాతావరణ శాస్త్రానికి మారిపోతున్నానని చెప్పింది. నేను ఒప్పుకోలేదు. తను అడగనూ లేదు. రెండేళ్ళ క్రితం డిగ్రీ చేతికొచ్చాక, ఎంతైనా డిగ్రీ డిగ్రీయే కదా అని, మా పెరట్లో పార్టీ పెట్టాము. నలభై మంది దాకా వచ్చారు. ఒకావిడ పేపర్ ప్లేటులో బజ్జీలు పెట్టుకుంటూ మా అమ్మాయిని అడిగింది.

"ఏం చేశావు నాన్నా, డేటా సైన్సా?"

"కాదు ఆంటీ, అట్మాస్ఫియరిక్ సైన్స్. వెదర్."

"అంటే టీవీలో చెప్తారే, అదా?"

నేను అప్పుడే బజ్జీల పళ్ళెంతో వంటింట్లోంచి వస్తున్నాను. "ఆకాశం ఎలా ఉందో తెలుసుకోడానికి మెడ ఎత్తితే చాలదా? దానికి మా ఇంట్లో నాలుగేళ్ళు పట్టింది," అన్నాను.

పెరడంతా నవ్వింది. వాళ్ళు నవ్వడం నాకు నచ్చింది కూడా. అది దాచుకోను. మా అమ్మాయి మాత్రం నవ్వలేదు, ఏడవలేదు. చేతిలోని ప్లేటుని బజ్జీలతో సహా మధ్యకి మడిచి, చెత్తబుట్టలో వేసి, లోపలికి వెళ్ళిపోయింది. ఆ మరుసటి వారమే కొండల్లో ఒక చిన్న ఊళ్ళో ఉద్యోగానికి వెళ్ళింది. అప్పటి నుంచి వాళ్ళ నాన్నతో గంటసేపు మాట్లాడుతుంది. ఫోను నా చేతికొస్తే మూడు మాటలు. "బాగున్నా. పనుంది. ఉంటా."

సారీ చెప్పొచ్చు కదా అంటారు. చెప్పాను, రెండుసార్లు. మొదటిసారి సారీ చివర ఒక జోకు తగిలించాను. నోరు ఊరుకోదు కదా. రెండోసారి జోకు లేకుండానే చెప్పాను. కానీ ఆ పిల్ల అవతల నుంచి ఏమీ అనకుండా, జోకు ఎప్పుడొస్తుందా అని కాచుకుని కూర్చుంది. అది తెలిసిపోయి నేనే ఫోన్ పెట్టేశాను. నా కూతురు నాతో మామూలుగా మాట్లాడాలి. నాకు కావలసింది అదొక్కటే. ఏ దేవుడికి మొక్కినా అదే మొక్కుతున్నాను.

ఇంతకీ తను చేసే ఉద్యోగం ఏమిటంటే, పౌడర్ స్కీయర్లకి మంచు ఫోర్‌కాస్ట్ రాయడం. వాళ్ళది ఒక చిన్న వెబ్‌సైట్. రోజూ పొద్దున్న ఒక పేజీ వస్తుంది. పైన బొచ్చు టోపీ పెట్టుకున్న మా అమ్మాయి ఫోటో. నాతో మూడు మాటలు మాట్లాడే పిల్ల ఊరూపేరూ తెలియని జనానికి రోజుకి వెయ్యి మాటలు రాస్తుంది. ఆ వెయ్యి మాటల కోసమే నేను పొద్దున్నే లేస్తాను. కాఫీ తాగడం కోసమని ఇంట్లో అందరూ అనుకుంటారు. అందరూ అంటే మా ఆయనే.

పౌడర్ స్కీయర్ అంటే ఎవరో చెప్పాలి. మంచులో రెండు రకాలట. ఒకటి అరిసెలకి పట్టించిన తడిపిండి లాంటిది, ఇంకోటి పొడి బియ్యప్పిండి లాంటిది. ఆ పొడి పిండి మోకాళ్ళ దాకా పడితే దాన్ని పౌడర్ అంటారు. ఆ రోజు డాక్టర్లూ లాయర్లూ మేనేజర్లూ అందరికీ ఒకేసారి జ్వరం వస్తుంది. ఆఫీసుకి సిక్ లీవు మెసేజ్ పెట్టి, తెల్లవారకముందే కొండ కింద లిఫ్టు దగ్గర వరస కడతారు. తిరుమలలో కూడా అంత నిష్ఠగా నిలబడరు. అక్కడ కనీసం లడ్డూ ఇస్తారు.

వీళ్ళకి అక్టోబరు, నవంబరు నెలలు పిచ్చి ముదిరే కాలం. కొండ మీద గడ్డి ఇంకా పచ్చగా ఉంటుంది. నేల వేడిగా ఉంటుంది. పడిన మంచు పడినట్టే కరుగుతుంది. కరగనిచోట కిందున్న రాళ్ళు స్కీలని గీకి పెడతాయి. రిసార్టు వాళ్ళు మిషన్లతో మంచు చేసి, కొండ మీద తెల్ల తువ్వాలు పరిచినట్టు ఒక్క దారి పరుస్తారు. ఆ ఒక్క దారి మీద వేలమంది. అయినా వీళ్ళు పది రోజుల ముందు నుంచే సెలవు పెట్టాలా, కొత్త స్కీలు కొనాలా, ఏ కొండకి వెళ్ళాలా అని మల్లగుల్లాలు పడుతుంటారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఆ సోమలింగాల మధ్య మా అమ్మాయి. వాతావరణాన్ని లెక్కగట్టే యూరప్ వాళ్ళ కంప్యూటర్ మోడల్ పద్ధెనిమిది అంగుళాలు అంటుంది, అమెరికా మోడల్ మూడు అంటుంది. ఉగాది నాడు పంచాంగం విన్నట్టే ఉంటుంది నాకు. ఒక శాస్త్రిగారు రాజపూజ్యం ఆరు అంటే, ఇంకో ఆయన అవమానం ఆరు అంటారు. మన మనసు రాజపూజ్యం దగ్గరే ఆగిపోతుంది. స్కీయర్లూ అంతే. వాళ్ళకి పద్ధెనిమిది ఒక్కటే కనిపిస్తుంది. మా అమ్మాయి మాత్రం ఎప్పుడూ ఆశపెట్టదు. "నా అంచనా నాలుగు నుంచి ఆరు. తప్పడానికి పదింట మూడు వంతుల అవకాశం ఉంది. కారణాలు ఇవి," అని రాస్తుంది. మొదట్లో తప్పులు వెతకడానికే చదివాను. వృత్తిధర్మం. నెల తిరిగేసరికి తప్పులు వెతకడం మర్చిపోయి, గాలి ఎటు తిరిగితే ఏ కొండకి మంచెక్కువో తెలుసుకున్నాను. మా ఆఫీసులో మీటింగు నడుస్తుండగా, పసిఫిక్‌లో పుట్టిన తుపాను గురించి దిగులు పడటం కూడా మొదలుపెట్టాను.

పేజీ కింద కామెంట్లు ఉండేవి. అవి చదవకుండా ఉండాల్సింది. పన్నెండు అంగుళాలు కావాలనుకున్నవాడికి నాలుగు అని రాస్తే వాడు మా అమ్మాయిని తిడతాడు. "నీకు మంచంటే ఏం తెలుసు, టెక్సస్ పిల్లవి," అని ఒకడు. "కిటికీ తెరిచి చూడు," అని ఒకడు. ఆ కిటికీ మాట చదివి నాకు ఒళ్ళు మండిపోయింది. మెడ మాట నేనన్నాను, నాకా హక్కుంది అనుకున్నాను. కిటికీ మాట అనడానికి వీడెవడు?

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని మా ఆయన అనేవారే, ఆయనకి తెలిస్తే. తెలియనివ్వలేదు. ఒక తెల్ల దొరగారి పేరు కల్పించి, ఆ సైట్లో ఖాతా తెరిచి, సమాధానాలు రాయడం మొదలుపెట్టాను. నాకు తెలిసిన రాత ఒకటే. ఇరవై రెండేళ్ళుగా రాసే బగ్ రిపోర్టు, అంటే సాఫ్ట్‌వేర్‌లో దొరికిన తప్పు మీద ఫిర్యాదు. కాబట్టి అలాగే రాశాను:

"లోపం ఎలా పుట్టింది: ఒకటి, పాఠకుడు మొదటి వాక్యం చదివారు. రెండు, అంకె కనబడగానే ఆగిపోయారు. మూడు, 'అవకాశం' అనే మాట దాటేశారు. ఆశించిన ఫలితం: పాఠకుడు మొత్తం చదువుతారు. వచ్చిన ఫలితం: పాఠకుడు తిడుతున్నారు. లోపం ఉన్న చోటు: పాఠకుడు. తీవ్రత: తక్కువ, వదిలేయవచ్చు."

ఇంగ్లీషులో రాశానులెండి, ఇంకా ఘాటుగా ఉంటుంది. అలా రెండు శీతాకాలాలు దొరగారి ముసుగులో పోట్లాడాను. మా అమ్మాయి ఒక్కసారి కూడా జవాబివ్వలేదు. మిగతావాళ్ళు మాత్రం నా కామెంటు కింద నవ్వే బొమ్మలు పెట్టేవాళ్ళు.

ఇక అసలు సంగతికి వస్తాను. కాపెల్‌లో మాది ఏడు కుటుంబాల గుంపు. ఏటా నవంబరు చివర వచ్చే థాంక్స్‌గివింగ్ సెలవులకి కొలరాడోలో పక్కపక్కన రెండు పెద్ద ఇళ్ళు తీసుకుంటాము. ఏడు కార్లు, నాలుగు రైస్ కుక్కర్లు, రెండు కూలర్లలో చికెన్, ఎవరు ఏం తేవాలో ఒక ఎక్సెల్ షీటు. గోంగూర పచ్చడి ఇద్దరు తెస్తే ఏడాదంతా చెప్పుకుంటారు. ఆ ఇళ్ళలో తాలింపు వేయగానే ఫైర్ అలారం మోగుతుంది. అందుకని ఒకరు వేస్తుంటే ఒకరు కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసరాలి. పిల్లలు స్కీయింగ్ చేస్తారు, మగవాళ్ళు ఫోటోలకి చేస్తారు, మేము వండుతాము. ఏటా ఒక ఇల్లు బాధ్యత తీసుకుంటుంది. బుకింగు చేసేది వాళ్ళే, చివరి నిర్ణయమూ వాళ్ళదే. ఈ ఏడాది ఆ వంతు మాది.

మా గుంపులో కరీంనగర్ ఆయన ఒకరున్నారు. స్కీయింగ్ మా అందరిలో ఆయనకే బాగా వచ్చు. అంటే పడితే లేవగలడు. ఆయన ఫోన్‌లో ఆరు ఫోర్‌కాస్ట్ యాప్‌లు ఉంటాయి. ఆరింటిలో ఎక్కువ చూపించేదాన్నే నమ్ముతాడు. థాంక్స్‌గివింగ్‌కి వారం ముందు ఆయన గ్రూపులో మెసేజ్ పెట్టాడు: "ట్వెంటీ ఇంచెస్! థర్స్‌డే పౌడర్ డే!" వెంటనే అందరూ మంటల బొమ్మలూ చప్పట్ల బొమ్మలూ పెట్టారు.

మా అమ్మాయి పేజీలో మాత్రం కథ వేరేగా ఉంది. ఈ తుపాను అసలు గాలి ప్రవాహం నుంచి తెగిపోయింది. పలుపు తెంచుకున్న ఎద్దులా ఎటు పోతుందో చెప్పడం కష్టం. మా అమ్మాయి అంచనా ప్రకారం అది దక్షిణానికి దిగిపోతుంది. కొండల మీద మూడు నుంచి ఐదు అంగుళాలు, కిందున్న రాళ్ళు కూడా కప్పబడవు. దక్షిణాన, టెక్సస్‌లో అమరిల్లో అనే ఊరి చుట్టుపక్కల రోడ్ల మీద మాత్రం ఐసు. "ఈ తుపాను వెంట పడకండి," అని రాసింది. చివరి పేరాలో, ఎప్పటిలాగే నిజాయితీగా, "నేను పూర్తిగా తప్పయ్యే అవకాశం పదింట ఒక వంతు" అని కూడా రాసింది. పిల్ల ఆ సైటుకి ప్రధాన ఫోర్‌కాస్టర్ అయ్యాక వచ్చిన మొదటి పెద్ద తుపాను ఇది. మిగతా సైట్లన్నీ అడుగున్నర, రెండడుగులు అంటున్నాయి. తను ఒక్కతే ఎదురు నిలబడింది. కామెంట్లలో తిట్లకి అంతే లేదు.

అమరిల్లో మీదుగానే మేము వెళ్ళాలి. ఏడు కార్లు, పన్నెండు మంది పిల్లలు. క్యాన్సిల్ చేయడానికి ఆదివారం సాయంత్రం నాలుగు దాకా గడువుంది. ఆ రోజు మూడింటికి అందరం వీడియో కాల్‌లో చేరాం.

"క్యాన్సిల్ చేస్తున్నాను," అన్నాను.

ఆరు చిన్న పెట్టెల్లో ఆరు కుటుంబాలు బిగుసుకుపోయాయి. నెట్ ఆగిపోయిందేమో అనుకున్నాను.

"అక్కా, ట్వెంటీ ఇంచెస్ చూపిస్తుంది. ఇప్పుడు క్యాన్సిల్ ఏంది?" అన్నాడు కరీంనగర్ ఆయన.

"మూడు నుంచి ఐదే పడుతుంది. రోడ్డు మీద ఐసు ఉంటుంది."

"ఎవరు చెప్పిన్రు?"

"మా అమ్మాయి చెప్పింది," అన్నాను.

అబద్ధం. మా అమ్మాయి నాకేమీ చెప్పలేదు. ఊరందరికీ చెబితే, ఊరితో పాటు నేనూ చదివాను. పక్కనే కూర్చున్న మా ఆయన నా వైపు చూసి, మళ్ళీ స్క్రీన్ వైపు తిరిగారు.

"వదినా, ఏమీ అనుకోకండి," అంది ఇంకో పెట్టెలోంచి ఒకావిడ, ఏదో అనబోయేవాళ్ళందరూ అనే మాటే. "ఆకాశం చూడ్డానికి మెడ చాలదా అని మీరే అన్నారు కదా. మేము ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటాం. ఇప్పుడేమో అదే నమ్మి ట్రిప్పు ఆపేస్తామంటే ఎలా?"

అందరూ నవ్వారు. నా జోకు నాకే తిరిగొచ్చింది, రెండేళ్ళ తర్వాత, ఇంకా బాగానే పనిచేస్తూ. ఆ రోజు పెరట్లో ఆ పిల్లకి ఎలా అనిపించిందో నాకు అప్పుడే తెలిసింది.

"అన్నాను. బుద్ధి లేక అన్నాను. మీ అందరికంటే, మీ ఆరు యాప్‌ల కంటే మా అమ్మాయికి ఎక్కువ తెలుసు. క్యాన్సిల్ చేస్తున్నాను," అన్నాను.

వెనక ఎవరి పిల్లలో "ఆంటీ, నో!" అని ఏడుపు గొంతుతో అరిచారు. నాలుగుకి పది నిమిషాలుండగా బటన్ నొక్కేశాను.

గురువారం పొద్దున లేచి చూస్తే అమరిల్లో రోడ్డు మీద ఎండ. కొండల మీద ఇరవై రెండు అంగుళాలు.

పొడి పిండి. మోకాళ్ళ దాకా కాదు, నడుము దాకా. గ్రూపులో కరీంనగర్ ఆయన వెబ్‌క్యామ్ ఫోటోలు పెట్టడం మొదలుపెట్టాడు. గంటకొకటి. కింద ఏమీ రాయడు, ఒట్టి ఫోటో. ట్రిప్పుకని కొని ఫ్రీజర్లో పెట్టిన చికెన్ అంతా అలాగే ఉంది కాబట్టి మిగతా ఆరు కుటుంబాలూ మధ్యాహ్నం మా ఇంటికే భోజనానికి వచ్చాయి. బయట ఎండ పేలిపోతోంది. ఏసీ వేశాం. పన్నెండు మంది పిల్లలు మా హాల్లో కూర్చుని, మేము వెళ్ళాల్సిన కొండ మీద ఎవరెవరో స్కీయింగ్ చేస్తున్న వీడియోలు చూశారు. నా వైపు చూడలేదు. పెద్దవాళ్ళు చూశారు. "పోన్లెండి వదినా, మెడలు కూడా ఒక్కోసారి పట్టేస్తాయి," అంది ఆ వీడియో కాల్ ఆవిడ, బిర్యానీ వడ్డించుకుంటూ. నేను రైతా అందించాను. జీవితంలో మొదటిసారి ఒక మాటకి తిరిగి మాట అనలేదు. అనడానికి ఏమీ లేక కాదు. మా అమ్మాయి మాట మీద నిలబడ్డాక ఆ అవమానం కూడా నాదే అనిపించింది.

సైట్లో కామెంట్లు వందలు దాటాయి. అందరూ పౌడర్ పోగొట్టుకున్నవాళ్ళే. జవాబు రాయమని వేళ్ళు దురద పెట్టాయి. దొరగారి పేరుతో లాగిన్ అయ్యాను. "లోపం ఎలా పుట్టింది" అని మొదలుపెట్టాను. పదింట ఒక వంతు అని రాసిందిగా, మీరు చదవలేదుగా, అని వాదించవచ్చు. నాలుగు వాక్యాలు రాసి ఆగిపోయాను. ఫోర్‌కాస్ట్ తప్పయింది. తప్పుని తప్పు కాదంటే నేను టెస్టర్‌ని ఎలా అవుతాను? అంతా చెరిపేశాను.

అప్పుడే మా అమ్మాయి కొత్త పేజీ వచ్చింది. మొదటి వాక్యం: "నేను తప్పు చెప్పాను." దాని తర్వాత 'కానీ' లేదు. మోడళ్ళ మీద నెట్టేయలేదు, పదింట ఒక వంతు అన్నాను కదా అని గుర్తు చేయలేదు. తుపాను ఎక్కడ మలుపు తిరిగింది, తను ఏ గుర్తుని చిన్నచూపు చూసింది, వచ్చేసారి ఏం చూడాలి, ఒక్కొక్కటీ విడమరిచి రాసింది. చివర్లో, "నా మాట విని ఆగిపోయినవాళ్ళకి క్షమాపణలు," అని ఉంది. ఇరవై రెండేళ్ళలో వేల తప్పులు పట్టుకున్నాను. తన తప్పుని ఇంత శుభ్రంగా రాసిచ్చిన ఇంజనీరుని ఒక్కడిని చూడలేదు. అందరూ "నా కంప్యూటర్‌లో బాగానే పనిచేస్తోందే" అని తప్పించుకునేవాళ్ళే. చేతులు కడుక్కునే నెపంతో సింకు దగ్గరికెళ్ళి, నీళ్ళు వదిలి, ఏడ్చాను. గర్వంతో ఏడ్చాను. ఆ రాతకి నా కాపలా అక్కర్లేదు.

మర్నాడు పదకొండింటికి, మిగిలిన బిర్యానీ డబ్బాల్లోకి సర్దుతుంటే ఫోన్ మోగింది. వాళ్ళ నాన్న ఫోన్ కాదు. నాదే. తెర మీద బొచ్చు టోపీ ఫోటో.

"అమ్మా."

"చెప్పు నాన్నా."

"నో, నువ్వే చెప్పు. గో అహెడ్. అయామ్ రెడీ."

కాచుకుని ఉంది. నా నాలుక మీద మూడు జోకులు సిద్ధంగా ఉన్నాయి. మెడ మీద ఒకటి, ఏసీ మీద ఒకటి, ఇరవై రెండు అంగుళాల మీద మరీ మంచిది ఒకటి. అది ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

"నిన్న నువ్వు రాసింది చదివాను. తప్పని మొదటి వాక్యంలోనే రాశావు. అలా రాయడం నాకు రాదు. చాలా గర్వంగా ఉంది," అన్నాను.

అవతల జోకు కోసం చూస్తోంది. నేనూ చూశాను, వస్తుందేమోనని. రాలేదు.

"దట్స్ ఇట్?" అంది.

"అంతే."

"నాన్న చెప్పాడు. సెవెన్ ఫ్యామిలీస్‌కి ట్రిప్ క్యాన్సిల్ చేశావంట కదా. నా ఫోర్‌కాస్ట్ చూసి."

"చేశాను."

"అందరూ నిన్ను ఏమన్నారు?"

"బిర్యానీ బాగుందన్నారు."

చిన్నగా ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. తర్వాత గొంతు మారింది. "నిన్న మార్నింగ్ నుంచి కామెంట్స్ చూస్తున్నాను. నువ్వు ఏం రాయలేదు. నువ్వు కూడా మ్యాడ్ అయ్యావ్ అనుకున్నా. అందుకే కాల్ చేశా."

డబ్బా మూత నా చేతిలోనే ఉండిపోయింది. "నేనెక్కడ రాస్తాను? ఏ కామెంట్స్?"

"అమ్మా! స్నో వెబ్‌సైట్‌లో బగ్ రిపోర్ట్ ఎవరు రాస్తారు? ఫస్ట్ డే నుంచీ తెలుసు నాకు. ఆఫీస్‌లో అందరికీ తెలుసు. ఒకటి ప్రింట్ చేసి ఫ్రిజ్ మీద పెట్టారు."

"మరి రెండేళ్ళ నుంచీ నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే నువ్వు ఆపేస్తావ్ కదా," అంది.

డబ్బా మూత బిగించి, "వచ్చే వారం అక్కడ మంచు పడుతుందా?" అని అడిగాను.

"తెలీదు. చిన్న స్టార్మ్ ఉంది. థర్టీ పర్సెంట్."

"సరే, మీ నాన్నా నేనూ వస్తాం."

"అమ్మా, థర్టీ అంటే పడకపోయే ఛాన్సే ఎక్కువ. మంచు లేకపోతే ఏం చేస్తావ్ ఇక్కడ?"

"నేను ఎప్పుడు మంచు కోసం వచ్చాను?"

ఈసారి తను జోకు కోసం కాచుకోవడం లేదు. వెనక ఎవరో తనని పిలుస్తున్నారు. తను వెళ్ళలేదు.

"ఓకే, రండి," అంది. "కానీ ఆ ఉన్ని గ్లవ్స్ తేకు. ఇక్కడ నీకు మంచివి కొనిపెడతా."